ఉడుంపట్టు: గోళ్ళదా, పళ్ళదా?

"ఉడుంపట్టు" అంటే ఉడుము కరిచి పట్టుకోవడమా, గోళ్ళతో పట్టుకోవడమా అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. వచ్చిన జవాబుల్లో చాలావరకు సింహగడ్ కథే. 1670లో శివాజీ సేనాని తానాజీ మనుషులు ఉడుముకి తాడు కట్టి ఆ కోట ఎక్కారని చెప్పుకునే కథ. బావుంటుంది గానీ అది మరాఠీవాళ్ళ ఘోర్పడ్ కథ (ఉడుముని వాళ్ళు అలా అంటారు), మన మాట కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు. తమిళ, మలయాళాల్లో ఉడుంబు, కన్నడంలో ఉడ, మనకి ఉడుము. తమిళులకి "ఉడుంబుప్పిడి" అన్న మాట కూడా ఉంది. దీన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఎవరైనా ఆ మాటే అంటారు.

నేను చూసింది మా కోనసీమలో. నాకు పన్నెండేళ్ళు ఉంటాయేమో. వేసవి, కాలువలు కట్టేసిన రోజులు. కుక్క తరిమితే ఉడుము ఒకటి గట్టు మీద బొరియలోకి దూరింది, జానెడు తోక మాత్రం బయట ఉండిపోయింది. ఇద్దరు కుర్రాళ్ళు ఆ తోక పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి లాగారు. నేనూ ఓసారి ముట్టుకున్నాను, సన్న పూసలు కుట్టిన తోలులా గరుగ్గా ఉంది. లాగినకొద్దీ లోపల బుస కొడుతోంది, బొరియ అంచున మట్టి రాలుతోంది. బెత్తెడు కూడా రాలేదు. "వదిలెయ్యండ్రా! లోపల ఒళ్ళు ఉబ్బించుకుని గోళ్ళు దిగేసింది. గట్టు తవ్వితే తప్ప రాదు" అన్నాడు మా తాతయ్య.

నా జవాబు కూడా అదే. ఉడుము గాలి పీల్చి ఒళ్ళు ఉబ్బించి బొరియ గోడలకి బిగుసుకుంటుంది. కాలికి ఐదేసి గోళ్ళు, అవే మట్టిలో దిగుతాయి. మన్యం వాగుల ఒడ్డునైనా, మన కాలువ గట్ల మీదైనా చెట్టెక్కడానికీ నేల తవ్వడానికీ దానికి ఆ గోళ్ళే ఆధారం. సంస్కృతంలో గోధ అంటే ఇదే. కిష్కింధకాండలో వాలి రాముడికి చెప్పే పంచనఖాల్లో, అంటే ఐదు గోళ్ళ ప్రాణుల్లో, దీని పేరు ఉంటుంది.

"ఉడుము పోయినా చెయ్యి దక్కింది చాలు" అన్న సామెత చూపించి, అసలు పట్టు పళ్ళదే అన్నారు ఇంకొకరు. కరుస్తుంది, కరిస్తే ఓ పట్టాన వదలదు, ఒప్పుకుంటాను. కానీ సామెతలో ఆ చెయ్యి ఎక్కడుందండీ? బొరియలో! ఉడుము చేతి మీదకి రాలేదు, చెయ్యే దాని ఇంట్లోకి వెళ్ళింది.

అందుకే "ప్రత్యర్థిని ఉడుంపట్టు పట్టి లాగేశాడు" లాంటి వాక్యం చదివితే నాకు మనసొప్పదు. లాగేది మొసలి. గజేంద్రుడి కాలు పట్టిన మకరి చేసింది ఆ పని. ఉడుము ఎవర్నీ లాగదు, తనని లాగితే రాదు. "ఇల్లు అమ్మనని మా మామ్మ ఉడుంపట్టు పట్టింది" అంటే అక్కడ ఆ మాట అతికినట్టు సరిపోతుంది.

ఒకటి మాత్రం చెప్పాలి, ఇది చదివి ఎవరూ తోక లాగి చూడకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్లో ఉంది. పైగా ఎలుకల్నీ పీతల్నీ తిని పొలానికి మేలు చేసే ప్రాణి.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశాను. బొరియ ఖాళీ. దుమ్ములో కాలువ వైపు తోక ఈడ్చిన గీత, దానికి రెండు పక్కలా గోళ్ళ గుర్తులు.