అందరి మాటా వింటున్నా, ఎవరి మాట పట్టుకోవాలో తెలీట్లేదు

మిరపతోట_ఖమ్మం:
అన్నా, మాది మూడెకరాల మిర్చి, హైదరాబాద్‌లో జాబ్ మానేసి వచ్చా, ఇది రెండో ఏడాది. పూతలో నల్ల తామర పురుగు పడింది. మందుల షాపాయన ఒకటి చెప్తాడు, యూట్యూబ్‌లో ఇంకోటి, పక్క చేను బాబాయ్ ఆయన కొట్టిందే కొట్టమంటాడు, నేను అందరికీ సరే సరే అనుకుంటూ మూడు వారాల్లో ఐదు మందులు కొట్టా, పురుగు అట్లనే ఉంది. నాన్న ఏదో చెప్పబోతే "మీకు తెలీదులే నాన్నా" అనేశా, అప్పట్నుంచి చేను వైపే రావట్లేదు.

పాతరైతు:
తమ్ముడూ, షాపాయన్ని తిట్టను, నాకు ఉద్దెర ఇచ్చేదీ ఆయనే. కానీ డబ్బా అమ్ముడుపోతేనే ఆయనకి రూపాయి, అది గుర్తుపెట్టుకుని విను. 2021లో ఈ పురుగు మా చేలన్నీ ఊడ్చేసింది, భయంతో సింథటిక్ పైరిత్రాయిడ్లనే రకం పురుగుమందులు మళ్ళీ మళ్ళీ కొట్టాం, పురుగుని తినే మిత్ర పురుగులు పోయి ఇంకా ఎక్కువైంది. డబ్బా మీద పెద్దక్షరాల పేరు కాదు, కింద చిన్నగా ఉండే అసలు మందు పేరు చదువు. పురుగు అతుక్కునే నీలం రంగు జిగురు అట్టలు పెట్టు. ఏఈవోని, అదే మీ వ్యవసాయ విస్తరణ అధికారిని, చేలోకే తీసుకెళ్ళు, వాట్సాప్ ఫొటోతో కాదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులోనే మాట్లాడతారు.

గట్టుమీద_అక్క:
మా చేలో పురుగు ముందు చూసింది కలుపుకొచ్చిన కూలమ్మలు. "అక్కా పూలు దులిపితే నల్లగా రాలుతున్నయ్" అన్నారు, నేను ఫోన్ చూస్కుంటూ ఊ కొట్టా. వారం పోయింది. ఇప్పుడు వాళ్ళు మాట్లాడేటప్పుడు ఫోన్ సంచిలో పడేస్తా, మధ్యలో దూరకుండా, ఎక్కడ చూశావ్ ఎప్పుడు చూశావ్ అని మాత్రమే అడుగుతా.

బీటెక్_సేద్యం:
పెద్దోళ్ళన్నారని అన్నీ చెయ్యక్కర్లేదు బ్రో. నాన్న మాట మీద యూరియా దంచితే మొక్క ఏపుగా లేచింది, పురుగుకి పండగ.

మిరపతోట_ఖమ్మం:
డబ్బాలు తీసి చూశా, ఐదింటిలో రెండు ఒకటే మందు, పేర్లే వేరు 😑 రాత్రి నాన్నని అడిగా. ఆ రోజు చెప్పబోయింది మందు గురించే కాదంట, బాబాయ్ పీకేసిన మొక్కలు మన గట్టు మీదే పడేశాడు, ముందు అటు సాళ్ళు చూడరా అని. పొద్దున చూస్తే నిజంగానే అటే ఎక్కువుంది. ఏఈవో మేడం గురువారం వస్తామన్నారు, అట్టలకి కర్రలు నాన్నే కొడుతున్నాడు, ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు.