నాన్నగారి కంట్లో అకాంతమీబా: నయమైనవారు ఉన్నారా?

మాది చంద్రగిరి దగ్గర పల్లె. వేరుశనగ చేనుకు నీళ్లు కడుతుంటే నాన్నగారి కుడికంట్లో బురద చిమ్మింది. మొదట హెర్పిస్ అనే వైరస్ అన్నారు. ఆ మందులతోనే నెల పోయింది. తిరుపతిలో నల్లగుడ్డు పైపొర గీకి పరీక్షిస్తే అకాంతమీబా అని, మట్టిలో నీళ్లలో ఉండే కంటికి కనిపించని క్రిమి అని తేలింది.

దాన్ని చంపే మందులు 0.02 శాతం పీహెచ్ఎంబీ, క్లోర్‌హెక్సిడిన్ చుక్కలు వేస్తున్నాం. తొలిరోజుల్లో రాత్రీపగలూ గంటకోసారి; అలారం మోగితే ఇల్లంతా లేచేది. మూడు నెలలైనా నల్లగుడ్డు మీద ఉంగరంలా తెల్లమచ్చ అలాగే ఉంది. వెలుగు భరించలేక తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నారు. ఈ క్రిమి గట్టి తిత్తి కట్టుకుని దాక్కుంటుందట, అందుకే ఇంత ఆలస్యమట.

మీలో ఎవరికైనా ఇది తగ్గిందా? ఎన్ని నెలలు పట్టింది? స్టెరాయిడ్ చుక్కలు ఎప్పుడు మొదలుపెట్టారు? కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మార్పిడి దాకా వెళ్లినవారు ఎంతకాలం ఆగారు? పసరు వైద్యం మాత్రం చెప్పకండి, చుట్టాలతో ఇప్పటికే వేగుతున్నాం.