ఉగాది వేడుకల్లో పిన్‌బాల్ ప్రత్యక్ష ప్రసారం: కెమెరా చట్రాల తయారీ, పనుల పంపకం

అరోరా నుంచి, ప్రసార బాధ్యుడు

కార్యవర్గ సభ్యులకు, స్వచ్ఛంద సేవకులకు నమస్కారం.

ఉగాది వేడుకల రోజున పాఠశాల భోజనశాలను ఆనుకుని ఉన్న గదిలో మూడు పిన్‌బాల్ యంత్రాలు (వాలు బల్ల మీద, అద్దం కింద దొర్లే ఉక్కు బంతిని కొడుతూ స్కోరు పెంచుకునే ఆట) పెట్టడానికి గత సమావేశంలో అంగీకారం కుదిరింది. ఆ ఆటలను ప్రత్యక్షంగా ప్రసారం చేయడానికి కావలసిన కెమెరా చట్రాల గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. షికాగో చుట్టుపక్కల స్థిరపడిన మనకు ఇది ఊరి ఆటే అని చెప్పాలి. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ సంస్థలు తమ యంత్రాలను ఈ నగరంలోనే తయారు చేశాయి. విద్యుత్తుతో కదిలే ఫ్లిప్పర్లు, అంటే బంతిని తిరిగి పైకి కొట్టే చిన్న రెక్కలు, అమర్చిన మొదటి యంత్రం, గాట్లీబ్ వారి హంప్టీ డంప్టీ, 1947లో ఇక్కడి నుంచే బయటికి వచ్చింది. స్టెర్న్ సంస్థ ఇప్పటికీ మనకు దగ్గరలోని ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో యంత్రాలు తయారు చేస్తోంది. ఈ నగరంలోనే డెడ్ ఫ్లిప్ అనే పేరుతో పిన్‌బాల్ ప్రసారాలు చేసిన జాక్ డేంజర్ తరువాత స్టెర్న్‌లో రూపకర్తగా చేరి, 2023లో వచ్చిన ఫూ ఫైటర్స్ యంత్రాన్ని రూపొందించారు. ఇంట్లో కెమెరా బిగించి ఆడిన ఆట అంత దూరం తీసుకువెళ్లిందని మన పిల్లలకు చెప్పదగిన సంగతి.

మన ప్రసారం గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూర్చుని మనవడి ఆట చూడాలనుకునే అమ్మమ్మలకు, తాతయ్యలకు ఉద్దేశించినది. శనివారం ఉదయం పది గంటలకు ఇక్కడ ఆట మొదలైతే, వేసవి వేళలు అప్పటికే అమల్లోకి వచ్చి ఉంటాయి కాబట్టి, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. అందువల్ల పిల్లల ఆటలను ముందుగా, పెద్దల పోటీని మధ్యాహ్న భోజనం తరువాత పెట్టాలని నా మనవి. మధ్యాహ్నం రెండు గంటలకు మనం పిల్లలను నిలబెడితే అక్కడ అర్ధరాత్రి దాటి అరగంట అవుతుంది.

ఇక అసలు విషయం. ఈ ప్రసారంలో కనబడవలసినది బంతి. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు, బరువు 80 గ్రాములు. తొంభైల నాటి సాధారణ యంత్రాల్లో ఆటబల్ల వెడల్పు సుమారు 20 అంగుళాలు, పొడవు 46 అంగుళాలు. ఆ నిలువు బల్లను అడ్డంగా ఉండే 1080 గీతల తెరపై పూర్తి ఎత్తున నిలబెడితే, బంతి తెర మీద సుమారు 25 పిక్సెళ్ల చుక్కగా వస్తుంది. 720 గీతలకు తగ్గిస్తే అది 17 పిక్సెళ్లకు పడిపోతుంది. చూపు మందగించిన పెద్దలు చూస్తారని తెలిసి కూడా ఆ తగ్గింపుకు ఒప్పుకోవడం సరికాదని నా అభిప్రాయం. తక్కిన ఏర్పాట్లలో ఎక్కడ ఖర్చు తగ్గించినా ఆటబల్లపై ఉండే కెమెరా విషయంలో మాత్రం తగ్గించవద్దని కోరుతున్నాను.

నేపర్‌విల్ నుంచి, యంత్రాల యజమాని

తమ్ముడూ, వివరంగా రాసినందుకు సంతోషం. నా దగ్గర నుంచి 1992 నాటి ఆడమ్స్ ఫ్యామిలీ, 1997 నాటి మెడీవల్ మ్యాడ్‌నెస్, డెబ్బైల నాటి ఒక గాట్లీబ్ యంత్రం వస్తాయి. నాది ఒక్కటే షరతు. కెమెరాకు సంబంధించిన ఏ గొట్టమూ, ఏ బిగింపూ, ఏ తీగా నా యంత్రాలకు తగలకూడదు. ఆడేవారు బంతిని కాపాడుకోవడానికి యంత్రాన్ని పక్కకు నెట్టడం ఈ ఆటలో భాగమే. ఎంత నెట్టవచ్చో తేల్చడానికి లోపల ఒక కడ్డీకి బరువు వేలాడుతూ ఉంటుంది. అది ఊగి చుట్టూ ఉన్న కడియానికి తగిలితే టిల్ట్ పడి ఆ బంతి పోతుంది. స్కోరు చూపే పైపెట్టెకు ఒక చేయి బిగించి కెమెరా పెడితే, ప్రతి నెట్టుకూ చిత్రం అదురుతుంది. ఆ బరువు వల్ల యంత్రం ఊగే తీరు కూడా మారుతుంది. ఆరున్నర డిగ్రీల వాలుకు నేను ఒక్కొక్క కాలూ తిప్పి సరిచేసిన తరువాత ఎవరూ వాటిని కదపవద్దు.

అరోరా నుంచి, ప్రసార బాధ్యుడు

అన్నయ్య గారూ, మీ షరతు నాకు శిరోధార్యం. అయితే యంత్రాన్ని తాకకపోవడం ఒక్కటే చాలదని నా ఇంటి చట్రంతో నేను పడ్డ అవస్థ నేర్పింది. మా బేస్‌మెంటులో పైకప్పు దూలాల మధ్య ఒక చెక్కను అడ్డంగా మరలతో బిగించి, దాని నుంచి ఒక గొట్టాన్ని కిందికి దింపి, గొట్టం కొసన కెమెరా పెట్టాను. యంత్రాన్ని తాకని చట్రం కదా అని నిశ్చింతగా ఉన్నాను. మొదటి సాయంత్రం ప్రసారంలోనే పై అంతస్తులో పిల్లలు పరుగెత్తిన ప్రతిసారీ ఆటబల్ల మొత్తం తెరపై ఊగిపోయింది. ఆ దూలాలే పై గదికి నేల అన్న సంగతి నాకు ముందుగా తట్టలేదు. తరువాత గోడ ఇటుకలకు బిగించిన చేయికి కెమెరాను మార్చాను. అప్పటి నుంచి చిత్రం నిలకడగా ఉంది. ఇంట్లో చట్రం కట్టుకోదలచినవారు పైకప్పు కాకుండా పునాది గోడను ఆధారం చేసుకోవాలి.

వేడుకల గదిలో మనకు గోడ అందదు కనుక, పెళ్లి పందిరికి వేసినట్టే రెండు రాటలు, పైన ఒక దూలం వేద్దాం. రాటలుగా మన సంఘం సామానులో ఉన్న స్పీకర్ స్టాండ్లు సరిపోతాయి. దూలంగా అయిదడుగుల అల్యూమినియం గాడి కడ్డీని వాడతాను. ఒక పక్కన మాత్రమే స్టాండు పెట్టి పొడవాటి చేయిని యంత్రం మీదికి చాపే పద్ధతి సులువుగా కనబడుతుంది గానీ, బరువంతా కొసన వేలాడుతుంది. కింద అద్దం, పక్కన పిల్లలు ఉన్న చోట నేను దానికి సిద్ధంగా లేను. యంత్రం పెట్టె వెడల్పు 22 అంగుళాలే కాబట్టి రాటలు రెండువైపులా సులువుగా నిలబడతాయి. ఒక్కొక్క స్టాండుకు ఒక కాలు యంత్రం కిందికి తిప్పుకుంటే నడిచేవారి దారికి కూడా అడ్డురాదు. అయితే మూడు యంత్రాల మధ్య కనీసం మూడడుగుల ఖాళీ వదలాలి.

కెమెరా ఎంత ఎత్తున ఉండాలన్నది లెక్క కట్టాను. నా వద్ద ఉన్న, మూల నుంచి మూలకు 78 డిగ్రీల మేర చూసే వెబ్‌క్యామ్‌ను పక్కకు తిప్పి పొడవాటి వైపుతో 46 అంగుళాల బల్లను పట్టాలంటే, అద్దం నుంచి దాదాపు 33 అంగుళాల ఎత్తు కావాలి. అంచులకు కాస్త చోటు వదిలితే మూడడుగులు. అంటే నేల నుంచి ఆరడుగుల పైచిలుకు. కెమెరా బల్ల మధ్య భాగం మీద ఉంటుంది కాబట్టి ఆడేవారు మరీ ముందుకు వంగితే తప్ప తల అడ్డురాదు. స్కోరు చూపే రెండో కెమెరాను అదే దూలానికి, పైపెట్టె వైపు తిప్పి బిగిస్తే మరో స్టాండు అవసరం ఉండదు.

షట్టర్ వేగం దగ్గర కొంత ఓపిక కావాలి. బంతి సెకనుకు రెండు మీటర్ల వేగంతో వెళుతోందనుకుందాం. సెకనులో 60వ వంతు సేపు షట్టర్ తెరిచి ఉంచితే ఆ కాస్త సమయంలోనే బంతి 33 మిల్లీమీటర్లు, అంటే తన వ్యాసం కంటే ఎక్కువ దూరం, జరిగి గీతలా కనబడుతుంది. 250వ వంతుకు తగ్గిస్తే 8 మిల్లీమీటర్లే జరుగుతుంది, బంతి గుండ్రంగా కనబడుతుంది. అయితే తొంభైల నాటి యంత్రాలు ఆటబల్ల మీది దీపాలన్నింటినీ ఒకేసారి వెలిగించవు. వరుసల చొప్పున వంతులు వేసి, మన కంటికి తెలియనంత వేగంగా వెలిగిస్తాయి. పాత బల్బుల తీగ వేడి వెంటనే చల్లారదు కనుక వాటితో చిక్కు లేదు. యజమాని ఎల్‌ఈడీలు మార్చి ఉంటే, ఒక చుట్టు పూర్తి కాకముందే మూసుకునే షట్టర్‌కు కొన్ని దీపాలు ఆరిపోయినట్టు, కొన్ని మిణుకుమంటున్నట్టు కనబడతాయి. స్కోరు చూపే చుక్కల తెర కూడా ఇలాగే చారలు చారలుగా వస్తుంది. అందువల్ల స్కోరు కెమెరాను 30వ వంతు దగ్గర, ఆటబల్ల కెమెరాను 120వ వంతు దగ్గర పెట్టి పరీక్షించి చూస్తాను. పాఠశాల గదిలోని దీపాల మిణుకు కూడా 60 హెర్ట్జ్ విద్యుత్తుకు సంబంధించినదే కాబట్టి ఈ రెండు విలువలూ దానితో సర్దుకుంటాయి. ఏ విలువ పెట్టినా ఫోకస్, ఎక్స్‌పోజర్, తెలుపు రంగు మూడింటినీ చేతితో స్థిరపరచాలి. వాటిని కెమెరాకే వదిలేస్తే జాక్‌పాట్ పడి దీపాలన్నీ ఒక్కసారి వెలిగిన క్షణంలోనే చిత్రం నల్లబడుతుంది, చూడవలసిన ఘట్టం పోతుంది.

అద్దంలో పడే ప్రతిబింబాలకు ఖరీదైన మందు అక్కరలేదు. యంత్రాలకు సరిగ్గా పైన ఉన్న ట్యూబులైట్లను ఆర్పించి, గది అంచుల్లోని దీపాలు ఉంచితే చాలు. మిగిలినదానికి పోలరైజింగ్ ఫిల్టర్ వాడవచ్చు. అది కొంత వెలుగును మింగేస్తుంది కనుక దీపాల ఏర్పాటు తరువాతే దాని సంగతి చూస్తాను.

బోలింగ్‌బ్రూక్ నుంచి, పిల్లల కార్యక్రమాల బాధ్యురాలు

అన్నయ్య గారూ, ఇలాంటి ప్రసారాల్లో ఆడేవారి ముఖానికి కూడా ఒక కెమెరా ఉంటుందని విన్నాను. అందరికీ కనబడే ప్రసారంలో పిల్లల ముఖాలు చూపడానికి కొందరు తల్లిదండ్రులు ఇష్టపడరు. పేర్లు చదవడం కూడా వద్దని నా అభిప్రాయం. దీనికి మీరేం ఆలోచించారో చెప్పండి.

అరోరా నుంచి, ప్రసార బాధ్యుడు

అమ్మా, మీరు చెప్పినది న్యాయమైన మాట. ముఖాల కెమెరా పెట్టడం లేదు. దాని బదులు యంత్రం ముందు భాగంలో, పక్కన నిలబెట్టిన చిన్న స్టాండు మీద నుంచి చేతులు, ఫ్లిప్పర్ మీటలు మాత్రమే కనబడేలా మూడో కెమెరా ఉంటుంది. బంతిని ఫ్లిప్పర్ మీద ఆపి, గురి చూసి కొట్టే పిల్లవాడి వేళ్లు చూడడం నాకైతే ముఖం చూడడం కన్నా ఆసక్తికరంగా ఉంటుంది. వ్యాఖ్యానంలో పేర్లకు బదులు ఆట వరుస సంఖ్యలు చదువుదాం. ఏ సంఖ్య తమ మనవరాలిదో ఇంట్లోవారికి తల్లిదండ్రులే ఫోనులో చెప్పుకుంటారు. ప్రసారం లింకును కూడా జాబితాలో కనబడని విధంగా ఉంచి, కుటుంబాలకు మాత్రమే పంపుదాం.

షాంబర్గ్ నుంచి, వేదిక, భద్రత బాధ్యుడు

స్టాండ్ల కాళ్లకు ఇసుక సంచులు తప్పనిసరి. దూలానికి, ప్రతి కెమెరాకూ విడిగా ఒక ఉక్కు తీగ కట్టాలి, బిగింపు వదులైనా కెమెరా అద్దం మీద పడకూడదు. నేల మీది తీగలన్నీ గాఫర్ టేపు (నేలకు గట్టిగా అంటుకునే గుడ్డ టేపు) కింద ఉండాలి. అత్యవసర ద్వారం ముందు ఏ వస్తువూ పెట్టవద్దని పాఠశాలవారు గట్టిగా చెప్పారు. ఇంటర్నెట్ గురించి కూడా అడుగుతున్నాను. ఎంత కావాలో చెప్పండి.

అరోరా నుంచి, ప్రసార బాధ్యుడు

సెకనుకు 6000 కిలోబిట్ల చొప్పున పంపుతాం. అంటే గంటకు 2.7 గిగాబైట్లు, ఆరు గంటలకు సుమారు 16. అతిథుల వైఫైలో ఆ రోజు వందలాది ఫోన్లు ఉంటాయి కనుక దాని మీద ఆధారపడలేం. గోడలోని నెట్‌వర్క్ సాకెట్ నుంచి తీగ ఇప్పించమని దయచేసి అడగండి. అది కుదరకపోతే ప్రసారానికే కేటాయించిన ఒక ఫోను హాట్‌స్పాట్ వాడదాం. ఏది ఎలా ఉన్నా ల్యాప్‌టాప్‌లోని ఓబీఎస్ అనే ప్రసార సాఫ్ట్‌వేర్ ప్రసారంతో పాటు రికార్డింగు కూడా చేస్తుంది కాబట్టి ఆట నష్టపోము. యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం మొదటిసారి తెరవడానికి ఇరవై నాలుగు గంటల వరకు పట్టవచ్చు. మన ఛానెల్‌లో ఇంతవరకు అది తెరవలేదు కనుక ఈ వారంలోనే ఆ పని పూర్తి చేయాలని కోశాధికారి గారికి మనవి.

శబ్దం విషయంలో ఒక జాగ్రత్త. ఆడిటోరియంలో నృత్యాలకు వేసే సినిమా పాటలు మన మైకులో పడితే యూట్యూబ్ వాటిని గుర్తుపట్టి ప్రసారాన్ని ఆపవచ్చు. గది తలుపు మూసి ఉంచి, వ్యాఖ్యాతకు నోటికి దగ్గరగా ఉండే హెడ్‌సెట్ మైకు, యంత్రం స్పీకరు దగ్గర మరొక మైకు పెడతాను. గాట్లీబ్ యంత్రంలో స్కోరు చక్రాలు తిరిగేటప్పుడు మోగే గంటల నాదం రికార్డింగు నుంచి వచ్చేది కాదు, నిజంగా లోహం మీద దెబ్బ పడి పుట్టేది. దాన్ని స్పష్టంగా వినిపించడానికి ప్రత్యేకంగా శ్రమ పడతాను.

పనులు ఇలా పంచుకుందాం. స్టాండ్లు, ఇసుక సంచులు, టేపు షాంబర్గ్ సోదరులు తెస్తారు. దూలం, కెమెరాలు, ల్యాప్‌టాప్ నావి. యూఎస్‌బీ తీగలు అయిదు మీటర్లు దాటకుండా బల్లను యంత్రానికి దగ్గరగా వేయించాలి. మూడు కెమెరాలను ఒకే హబ్‌కు గుచ్చితే దారి చాలక ఒకటి ఆగిపోతుంది కాబట్టి విడివిడి పోర్టులున్న ల్యాప్‌టాప్ తెస్తున్నాను. చట్రాన్ని ఒక యంత్రం నుంచి మరొక దానికి ఇద్దరు మనుషులు ఎత్తి మార్చాలి, ఒక్కరే లాగకూడదు. దీనికి ఇద్దరు యువకులు కావాలి. తెలుగులో వ్యాఖ్యానం చేయగల ఇద్దరు పెద్దలు కూడా ముందుకు రావాలి, ఒకరే ఆరు గంటలు మాట్లాడలేరు.

నేపర్‌విల్ అన్నయ్య గారు అనుమతిస్తే వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు వారి బేస్‌మెంటులో మెడీవల్ మ్యాడ్‌నెస్ మీద చట్రాన్ని నిలబెట్టి, గంటసేపు పరీక్షా ప్రసారం చేస్తాను. అప్పుడు అక్కడ సోమవారం తెల్లవారుజామున రెండున్నర అవుతుంది కనుక మన పెద్దలను లేపకుండా, ఇక్కడి సభ్యులే నలుగురైదుగురు తమ ఇళ్ల నుంచి ఫోనులో ఒకసారి, టీవీలో ఒకసారి చూడండి. బంతి ఎక్కడెక్కడ కంటికి అందకుండా పోయిందో సమయంతో సహా ఇక్కడ రాయండి.