ఉచ్చాటన అనాలా, దయ్యం వదిలించడం అనాలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒక కథ రాస్తున్నాను. రాంబిల్లి వైపు పల్లెలో ఒక అమ్మాయికి గాలి సోకిందని ఇంట్లోవాళ్లు మంత్రగాడి దగ్గరకు తీసుకెళ్తారు. అతను చేసే పనిని "భూత ఉచ్ఛాటన" అని రాశాను కానీ చదువుతుంటే అతకడం లేదు. సరైన మాట ఏది?

జవాబు: ముందు స్పెల్లింగ్. అక్కడ ఛ వత్తు రాదు, చ వత్తే: ఉచ్చాటన. ఉద్ అనే ఉపసర్గ తర్వాత చ వస్తే ద కాస్తా చ అవుతుంది, అంతే. ఉచ్చారణ కూడా ఇలాంటిదే, దాన్నీ చాలామంది ఉచ్ఛారణ అని రాస్తున్నారు. ఉచ్ఛ్వాసలో ఛ ఉంది కదా అంటారేమో, అది ఉద్ పక్కన శ్వాసలోని శ చేరడం వల్ల వచ్చింది. ఇక సమాసం చేస్తే భూతోచ్చాటన.

అర్థానికి వస్తే, ఉచ్చాటన అంటే దయ్యాన్ని తోలడం అని మాత్రమే అనుకుంటే మాట సగమే తెలిసినట్టు. తంత్రశాస్త్రంలో షట్కర్మలని ఆరు చెబుతారు: శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. వాటిలో ఉచ్చాటనం అంటే శత్రువును వాడున్న చోటు నుంచి పెళ్లగించడం, ఇల్లూ ఊరూ వదిలి పోయేలా చేయడం. అంటే అది మనిషి మీద కూడా ప్రయోగించేదే. హనుమంతుడి మాలామంత్రాల్లో "ఉచ్చాటయ ఉచ్చాటయ" అని వినిపించేది భూతప్రేతాల గురించి. మాట ఒకటే, ఎవరి మీద అన్నదాన్ని బట్టి మంచో చెడో అవుతుంది. మీ కథలో మంత్రగాడు పుస్తకం పట్టిన మనిషైతే అతని నోట ఈ మాట సరిపోతుంది, ఆ అమ్మాయి వాళ్ల అమ్మ నోట మాత్రం పెట్టకండి.

ఆవిడ "వదిలించడానికి తీసుకెళ్లాం" అంటుంది. నాకు ఈ మాటంటే చాలా ఇష్టం. మన భాషలో దయ్యం "పట్టింది" అంటాం, జలుబు పట్టినట్టే, శని పట్టినట్టే. పట్టిందే వదలాలి. "వదిలించు" అన్నప్పుడు వదిలేది దయ్యం, దాని చేత వదిలింపజేసేవాడు మంత్రగాడు, మనిషి చేసిందేమీ లేదు. తప్పంతా పట్టినదాని మీదే ఉంది, పట్టుబడిన పిల్ల మీద లేదు. ఉచ్చాటనలో ఈ ఊరట దొరకదు.

అమ్మవారికి మాత్రం ఈ క్రియలేవీ వాడరు. మన విశాఖ పెదవాల్తేరు కరకచెట్టు పోలమాంబ పండగలో ఎవరికైనా పూనకం వస్తే "అమ్మ శాంతించింది", "పూనకం దిగింది" అంటారు తప్ప వదిలించారని ఎవరూ అనరు. విచిత్రం ఏమిటంటే దయ్యం అన్న మాట పుట్టింది దైవం నుంచే. పాత తెలుగులో దయ్యమంటే దేవుడనే అర్థం కూడా ఉండేది.

మరొకరు: బైబిల్లో "దయ్యములను వెళ్లగొట్టుడి" అని ఉంటుంది. మా ఇంట్లో ఇదే మాట. చర్చికి వెళ్లే కుటుంబమైతే ఇది వాడొచ్చు కదా?

జవాబు: తప్పకుండా. పైగా ఆ మాటకు మన ఊరితో సంబంధం ఉంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. అది 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఇప్పుడు చదివే పాఠం తర్వాతి సవరణలన్నీ దాటి వచ్చిందే. "వెళ్లగొట్టు"లో బలం ఉంది, బతిమాలడం ఉండదు. దయ్యానికి ఏం కావాలో అడిగి, కోడినో కొబ్బరికాయనో ఇచ్చి పంపే పద్ధతి ఉన్న ఊళ్లో మాత్రం ఈ మాట పొసగదు, అక్కడ "సాగనంపడం" అన్నా నడుస్తుంది.

మరొకరు: మరి ఉద్వాసన?

జవాబు: అది పూజలో మాట. ఆవాహన చేసిన దేవుణ్ణి మర్యాదగా "యథాస్థానం ప్రవేశయామి" అని పంపడం. వినాయక చవితికి నిమజ్జనం ముందు చెప్పేది అదే. పేపర్లు "మంత్రికి ఉద్వాసన" అని రాసీ రాసీ ఆ మర్యాద పోగొట్టాయి కానీ, దయ్యానికి మాత్రం ఉద్వాసన చెప్పరు.

కథ రాసే వారికి ఇంకొక్క మాట, ఇది నిజంగా జాగ్రత్తగా చూసుకోండి. మన విశాఖ ఏజెన్సీలో చిల్లంగి అంటే చెడు చేయడం, చేతబడి లాంటిది. వదిలించేవాడికి ఆ పేరు తగిలించకండి. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మీ పాత్రను మంత్రగాడు అనండి, భూతవైద్యుడు అనండి, చిల్లంగివాడు అని మాత్రం వద్దు.