బృందగానంలో చేరితే పిల్లల గొంతు బాగుపడుతుందా, చెడుతుందా?

మోహన (గుంటూరు):
మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఐదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చింది. ఈ ఏడు బడిలోని బృందగానంలో కూడా చేరింది. పాఠం చెప్పే గురువు గారేమో అక్కడ పాడితే శ్రుతిజ్ఞానం చెడుతుందని, వెంటనే మానిపించమని అంటున్నారు. అమ్మాయి మాననంటోంది. అనుభవమున్న పెద్దలు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

షడ్జమం:
మోహన గారూ, నేనూ సంగీతం చెప్పేదాన్నే కనుక ఆ గురువు గారి భయం నాకు అర్థమవుతోంది. శ్రుతి అంటే పాటకు ఆధారంగా నిలిపే స్వరం, అంకె పెరిగేకొద్దీ దాని స్థాయి పెరుగుతుంది. ఆడపిల్లలు సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడుతారు. మగవారి శ్రుతి ఒకటి, రెండు దగ్గర ఉంటుంది. పద్నాలుగేళ్ల మగపిల్లల గొంతు అప్పుడే మారుతూ ఉంటుంది. వీరందరినీ ఒకే శ్రుతిలో పాడిస్తే కొందరు తారస్థాయిలో అరవక తప్పదు, మరికొందరు మంద్రంలో వినపడకుండా పోతారు. అంతమంది మధ్య తన గొంతు తనకే సరిగా వినపడక పిల్ల ఇంకా గట్టిగా పాడుతుంది. అపస్వరం పలికినా ఎవరూ పట్టుకోలేరు. పైగా కల్పనస్వరం, నెరవు వంటి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడడం, గుంపులో అబ్బేది కాదు.

వంతపాట:
షడ్జమం గారు చెప్పిన శ్రుతి సమస్య నిజమే, కాని అది బృందగానపు దోషం కాదు, పాట కూర్చినవారి దోషం. చిత్తూరులో పుట్టి మద్రాసులో యూత్ క్వయర్ అనే గాయకబృందాన్ని తీర్చిదిద్దిన ఎం.బి.శ్రీనివాసన్ గారు, అందరిచేతా ఒకే వరుస పాడించకుండా, స్త్రీల గొంతుకు, పురుషుల గొంతుకు వేర్వేరు వరుసలు కట్టి అవి ఒకదానితో ఒకటి కలిసి పలికేలా కూర్చారు. అలా పాడవలసి వచ్చినప్పుడు పిల్లలు పక్కవాళ్ల వరుస చెవిన పడుతున్నా తమ వరుస జారకుండా నిలుపుకోవాలి, అదే సమయంలో వారి గొంతును మింగేయకుండా తమ గొంతును తగ్గించుకోవాలి. ఇలా వినడం ఒంటరి సాధనలో అలవడదని నా నమ్మకం. తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధన నాడు ఆయన ఐదు కృతులైన ఘనరాగ పంచరత్నాలను గోష్ఠిగా, అంటే అందరూ కలిసి, పాడేవారిలో ఏటా ఎందరో పేరున్న విద్వాంసులు ఉంటారు. వారు దాన్ని తమ విద్యకు హాని అనుకోలేదు కదా.

మరొక సంగతి. వెనిజులాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రియు మొదలుపెట్టిన ఎల్ సిస్టెమా అనే సంగీత శిక్షణ పథకంలో లక్షలాది పిల్లలు వాద్యబృందాల్లో, గాయకబృందాల్లో చేరారు. దాని ఫలితాలను తేల్చడానికి 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను 2,914 మందిని తీసుకుని, చీటీల పద్ధతిలో కొందరికి ముందుగా, మిగిలినవారికి ఏడాది ఆలస్యంగా ప్రవేశం కల్పించి పరిశీలించారు. ముందు చేరినవారిలో ఆత్మనిగ్రహం కొంత పెరిగింది, ప్రవర్తనలోని చిక్కులు కొంత తగ్గాయి.

చెక్కభజన (కడప జిల్లా):
మా ఊరి పిల్లలకు సంగీతం మాస్టారు లేరు, చెక్కభజన గురువు ఉండేవారు. రాత్రి అన్నాలయ్యాక రామాలయం ముందు వలయంగా నిలబెట్టి నెలల తరబడి అడుగులు నేర్పేవారు. ఒకరి అడుగు తప్పితే వలయమంతా తడబడుతుంది కనుక బాగా వచ్చినవాడే రానివాడి పక్కన నిలబడి నేర్పేవాడు. నీ గొంతు బాగుందా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. నాకు గొంతు లేదు. అయినా పదేళ్లు పాడాను. పాడగలిగినవారి నష్టం గురించే ఇక్కడ చర్చ సాగుతోంది, నాలాంటివారికి పాడే చోటు ఇంకెక్కడుంటుందో కూడా ఆలోచించాలని నా మనవి.

షడ్జమం:
చెక్కభజన గారి మాటకు నా దగ్గర ఎదురు వాదన లేదు. వంతపాట గారు చెప్పిన పరిశీలనలోనే తెలివితేటల పరీక్షల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదన్న సంగతి కూడా ఉంది. పాడితే మార్కులు పెరుగుతాయని ఆశపెట్టి పిల్లలను చేర్చవద్దనే నేను దీన్ని ప్రస్తావిస్తున్నాను. మోహన గారూ, ఒకసారి అభ్యాసానికి వెళ్లి ఏ శ్రుతిలో పాడిస్తున్నారో చూడండి. ఆడపిల్లలకు వారి శ్రుతికి తగిన వరుస ఇస్తే, ఇంట్లో రోజూ తంబురా శ్రుతిలో అకారసాధన (స్వరాలను ‘ఆ’ అంటూ పాడే అభ్యాసం) ఆగకపోతే, వారానికి రెండు రోజుల బృందగానానికి నేనైతే అభ్యంతరం చెప్పను.

మోహన:
నిన్న వెళ్లి చూశాను. అక్కడ శ్రుతి పెట్టనే లేదు. ముందు ఎవరు ఎత్తుకుంటే వారి శ్రుతిలోనే అందరూ పాడుతున్నారు. పాడించే ఉపాధ్యాయిని గారితో మాట్లాడితే, ఆడపిల్లలను విడిగా ఐదు శ్రుతిలో పాడించి చూస్తామని సంతోషంగా ఒప్పుకున్నారు. శనివారం మా ఇంట్లోని శ్రుతిపెట్టెను అమ్మాయి అక్కడికి తీసుకువెళుతుంది. మా గురువు గారిని కూడా వచ్చి ఒకసారి వినమని అడిగాను, చూద్దామన్నారు.