రేఖలు వాలని చోట పక్షికి దిక్కెలా తెలుస్తుంది?

నమస్కారమండీ, మాది గుంటూరు. ఆదివారం ఉప్పలపాడు చెరువు గట్టున గూడబాతులు రెక్కలు బిగపట్టి నీళ్లమీదికి జారుతుంటే మా పాప "వీటికి దారెవరు చెప్తారు నాన్నా?" అంది. ఆ రాత్రంతా చదువుతూ కూర్చున్నాను.

రాబిన్ పిట్టలు ఉత్తర దక్షిణాలను కాదు, భూమి అయస్కాంత రేఖలు నేలవైపు ఎటు వాలాయో చూసి ధ్రువం ఎటుందో పోల్చుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్తలు విల్చ్‌కో దంపతులు 1972లోనే చెప్పారట. వాటి కంటి రెటీనాలోని క్రిప్టోక్రోమ్ 4 ప్రొటీన్, నీలికాంతి పడ్డాక అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని 2021లో ల్యాబ్‌లో చూపించారు. ఎంత అందమైన ఏర్పాటో!

నా చిక్కల్లా ఇదే: మన దేశం దక్షిణపు కొసన ఆ రేఖలు దాదాపు అడ్డంగా ఉంటాయి. వాలే లేని చోటు దాటే పిట్టకు ధ్రువం ఎటో ఎలా తెలుస్తుంది? చుక్కల్ని బట్టా, పొద్దువాలే దిక్కును బట్టా? తెలిసినవాళ్లు పదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పండి, దయచేసి.