కొత్తగా వేటలోకి వచ్చాను, రాగి బుల్లెట్లు గురికి రావడం లేదు

శాక్రమెంటో నుంచి

అందరికీ నమస్కారం. హెచ్-1బి మీద వచ్చి రెండేళ్లు కావస్తోంది. నిరుడు హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పూర్తి చేసి వేట లైసెన్స్ తీసుకున్నాను. డీలర్ ద్వారా, కాగితాలన్నీ పూర్తి చేసి, పాత .308 (గొట్టం కొలత) బోల్ట్ రైఫిల్, అంటే ప్రతిసారీ పిడిని చేత్తో లాగి తూటా ఎక్కించేది, ఒకటి కొన్నాను. అమ్మిన పెద్దాయన అందులో ఏళ్ల తరబడి 180 గ్రెయిన్ల (బుల్లెట్, మందు తూచే చిన్న కొలమానం) సీసం బుల్లెట్లు వాడారట. ఇక్కడ వేటకు సీసం కుదరదు కాబట్టి అదే బరువులో పూర్తి రాగి బుల్లెట్లు తెచ్చి, ఒక మిత్రుడి ప్రెస్ (తూటాలు నింపే చేతి యంత్రం) మీద, ఇత్తడి కేసులో మందు పోసి పైన బుల్లెట్ కూర్చోబెట్టి, తూటాలు నింపుకున్నాను. 100 గజాల దగ్గర ఐదు కాలిస్తే నాలుగు అంగుళాల మేర చెదిరాయి. కాగితం మీద రెండు రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా పడ్డాయి. లోపం నా చేతిదా, రైఫిల్‌దా, బుల్లెట్‌దా? గాయపడిన జింకను అడవిలో వదిలేసి రావడం నాకు ఇష్టం లేదు. గురి కుదిరే దాకా వేటకు వెళ్లను.

ఫ్రెస్నో నుంచి

తమ్ముడూ, నీ చివరి మాట నాకు బాగా నచ్చింది. అయితే గురి కన్నా ముందు కాగితాల సంగతి చూసుకో. నీలా తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చట్టబద్ధంగా పొందిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. నువ్వు నిలబడి ఉన్నది ఆ మినహాయింపు మీదే. కాలిఫోర్నియా వేట లైసెన్స్ జూన్ 30తో ముగుస్తుంది. జూలై 1 నాటికి కొత్తది చేతిలో లేకపోతే, సేఫ్‌లో తాళం వేసి ఉన్న రైఫిల్ కూడా నీ మెడకు చుట్టుకుంటుంది. వేటకు వెళ్లే ఉద్దేశం లేని ఏడాది కూడా లైసెన్స్ తీసుకో. ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడి, ఆయన చెప్పింది రాతలో తీసుకో. వీసాతో ముడిపడిన విషయంలో మాలాంటి వాళ్ల మాట మీద ఆధారపడకు.

ఇంకొకటి. 2013లో చేసిన చట్టం ప్రకారం 2019 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా ఏ వన్యప్రాణిని తుపాకీతో వేటాడినా సీసం లేని బుల్లెట్లే వాడాలి. బరువులో 1 శాతానికి మించి సీసం ఉండకూడదు, రాష్ట్రం ధ్రువీకరించిన జాబితాలో ఆ బుల్లెట్ ఉండాలి. ఇంట్లో నింపుకున్న తూటాను చూసి అందులో ఏ బుల్లెట్ ఉందో ఎవరూ పోల్చుకోలేరు. వార్డెన్ (వేట నియమాలు చూసే అధికారి) అడిగితే చూపించడానికి బుల్లెట్ల డబ్బా మీది లేబుల్, వదులుగా ఒక బుల్లెట్ సంచిలో ఉంచుకో.

రెడింగ్ నుంచి

బాబూ, లోపం నీ చేతిది కాదు. ఆ రెండు కోడిగుడ్డు రంధ్రాలే సంగతంతా చెబుతున్నాయి. బుల్లెట్ ముక్కు ముందుకు పెట్టి నేరుగా వెళ్లలేదు, పక్కకు వాలి కాగితాన్ని చీల్చింది. అంటే గొట్టం దానికి సరిపడా తిప్పుడు ఇవ్వలేకపోయింది.

కారణం ఇది. సీసం సాంద్రత 11.3, రాగిది 9 కన్నా కొద్దిగా తక్కువ. అంత బరువే కావాలంటే రాగి బుల్లెట్ పొడవు పెరగక తప్పదు. బుల్లెట్ గాలిలో నిలకడగా ఉండాలంటే ఎంత తిప్పుడు కావాలో తేల్చేది ముఖ్యంగా దాని పొడవు, బరువు కాదు. నీ దగ్గర మిగిలిన రాగి బుల్లెట్ ఒకటి, పెద్దాయన వాడిన రకం సీసం 180 ఒకటి కాలిపర్‌తో కొలువు. తేడా కళ్లకు కడుతుంది. తర్వాత గొట్టం ట్విస్ట్, అంటే లోపలి మెలి గాళ్లు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయో, కొలువు. శుభ్రం చేసే కడ్డీకి బిగుతుగా గుడ్డ చుట్టి లోపలికి తోస్తూ, అది ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి ఎన్ని అంగుళాలు కదిలిందో చూడు. పాత .308లు చాలావాటిలో 12 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది. కొత్తవాటిలో ఎక్కువగా 10 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది. ఈ కొలతలు మిల్లర్ సూత్రంలో వేస్తే నిలకడ అంకె వస్తుంది. 1.5 దరిదాపుల్లో ఉంటే నిశ్చింత. 1 దగ్గరకు దిగితే నీ కాగితం మీద పడినట్టే పడతాయి.

రాగికి మారినప్పుడు బరువు తగ్గించాలి. సీసంలో 165, 180 వాడినవాళ్లు రాగిలో 130, 150కి రావాలి. తేలికది జింకను పడగొట్టదేమోనని భయం వేస్తుంది, నాకూ వేసింది. సీసం బుల్లెట్ తగిలాక ముక్కలై బరువు పోగొట్టుకుంటుంది. మంచి రాగి బుల్లెట్ ముక్కు రేకుల్లా విచ్చుకుని దాదాపు మొత్తం బరువుతో లోపలికి దూసుకెళ్తుంది. అలా విచ్చుకోవాలంటే వేగం కావాలి. తయారీదారును బట్టి తగిలేచోట కనీసం సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగులు ఉండాలి. తేలిక బుల్లెట్ ఆ వేగాన్ని ఎక్కువ దూరం నిలుపుకోవడానికి సాయపడుతుంది. ఎంత దూరం దాకా కాల్చవచ్చో నీకు చెప్పేది ఈ వేగపు అంకే, కాగితం మీద తూటాలు పడిన గుంపు కాదు.

ఇక నింపడం. నీ 180 రాగికి ఏ పట్టిక చూసి తుపాకీ మందు వేశావో రాయలేదు. సీసం బుల్లెట్ పట్టిక చూసి ఉంటే మిగిలిన తూటాలు కాల్చవద్దు, బుల్లెట్ పీకి మందు తీసేయి. మొదట్లో నేను చేసిన తప్పు ఇదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. బరువు ఒకటే కదా అని సీసం బుల్లెట్ లెక్కతో రాగిది నింపాను. మూడో తూటా కాల్చాక బోల్ట్ పిడి పైకి లేవలేదు. అరచేతితో కొడితే గానీ రాలేదు. బయటికి వచ్చిన కేసు అడుగున ప్రైమర్ (మందును అంటించే చిన్న గిన్నె) అంచుల దాకా చదునై ఉంది, ఇత్తడి మీద ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే పుల్ల) గుండ్రటి మచ్చ మెరుస్తోంది. పొడవైన రాగి బుల్లెట్ కేసులోకి ఎక్కువగా దిగి మందు చోటును తినేస్తుంది, సీసంలా నొక్కుకుపోదు, కాబట్టి ఒత్తిడి వేరుగా పెరుగుతుంది. ఆ బుల్లెట్‌కు, ఆ మందుకు తయారీదారు ప్రచురించిన లెక్కలే వాడు. పట్టికలో కనిష్ఠంగా చెప్పిన చోట మొదలుపెట్టి 0.3 గ్రెయిన్ల చొప్పున పైకి వెళ్లు. బోల్ట్ బరువెక్కినా, ప్రైమర్ చదునైనా, క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పట్టికను మించిన వేగం చూపినా అక్కడితో ఆపి కిందికి దిగాలి. గ్రెయిన్ల అంకె కోసం ఇక్కడ ఎవరినీ అడగకు. ఎవరైనా దయతో చెప్పినా వాడకు.

మందు మార్చేముందు గొట్టం శుభ్రం చెయ్యి. పెద్దాయన ఏళ్లుగా కాల్చిన బుల్లెట్ల పైపొర లోపల అంటుకుని ఉంటుంది, దాని మీద రాగి బుల్లెట్లు కుదురుగా నడవవు. రాగిని కరిగించే ద్రావకం వేసి కాసేపు ఉంచి గుడ్డ తోస్తే నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో వస్తుంది. మొదటి రోజు నాకు ఎన్ని గుడ్డలు తోసినా ఆ రంగు తగ్గలేదు. రాత్రి ఆపి మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. గుడ్డ తెల్లగా వచ్చే దాకా ఓపిక పట్టు. ఆ తర్వాత కొత్త బుల్లెట్లు కొన్ని కాల్చి గొట్టం సర్దుకున్నాకే లెక్క మొదలుపెట్టు.

రాగిలో గురిని తిప్పేది ఎక్కువగా ఒక్క కొలత. తూటా గదిలో కూర్చున్నప్పుడు బుల్లెట్‌కు, రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలి గాళ్లు) మొదలయ్యే అంచుకు మధ్య ఉండే ఖాళీ అది. సీసం బుల్లెట్లతో అలవాటైనవాళ్లు అంచుకు దాదాపు ఆనించి కూర్చోబెడతారు. రాగికి అది పనికిరాదు, ఒత్తిడీ పెరుగుతుంది, గుంపూ చెదురుతుంది. 0.050 అంగుళం ఖాళీతో మొదలుపెట్టు. అక్కడ కుదరకపోతే 0.020 చొప్పున వెనక్కి, అంటే కేసులోకి ఇంకా దించుతూ, నాలుగైదు రకాలు నింపి చూడు. దించినకొద్దీ మందు చోటు తగ్గుతుంది కాబట్టి ఇది గరిష్ఠానికి దగ్గరగా ఉన్న మోతాదుతో చేయవద్దు. పొడవును ముక్కు కొస నుంచి కొలవకు, కొస ఒక్కో బుల్లెట్‌కు ఒక్కోలా ఉంటుంది. కాలిపర్‌కు తగిలించే కంపారేటర్‌తో బుల్లెట్ వంపు దగ్గర కొలువు. చివరికి తూటా రైఫిల్ మ్యాగజైన్‌లో (తూటాలు పెట్టే గూడు) పట్టాలి, అది మరిచి చాలామంది శ్రమంతా వృథా చేసుకుంటారు.

ఒకేసారి రెండు మార్చవద్దు. మందు మోతాదు తేలాక లోతు, లోతు తేలాక మిగతావి. కేసు మూతి లోపలి అంచును నున్నగా చెయ్యి, లేకపోతే కూర్చోబెట్టేటప్పుడు రాగిని గీరి సన్నటి పీచు లేస్తుంది. బల్ల మీద ఒక్క మందు డబ్బాయే ఉండాలి. త్రాసును ప్రతిసారీ తూకపురాయితో సరిచూసుకో. మందు పోసిన కేసులన్నిటినీ దీపం వెలుతురులో వరుసగా చూశాకే బుల్లెట్లు కూర్చోబెట్టు. కళ్లద్దాలు తప్పనిసరి.

మూడు తూటాల గుంపును చూసి మురిసిపోకు. మూడు దగ్గరగా పడటం అదృష్టం కావచ్చు. ఐదుతో ఏరివెయ్యి, మిగిలిన ఒక్కదాన్ని పదితో పరీక్షించు. వేడెక్కిన గొట్టం మోసం చేస్తుంది, మధ్యలో చల్లారనివ్వు.

శాక్రమెంటో నుంచి

అన్నయ్యా, చాలా కృతజ్ఞతలు. కొలిచాను, ట్విస్ట్ 12. మందు లెక్క పాత పుస్తకంలో 180 సీసం బుల్లెట్‌ది తీసుకున్నాను. మిగిలిన 15 తూటాలూ పీకేశాను. 130 తెప్పిస్తున్నాను. ఒక సందేహం. నేను వెళ్లే రేంజ్‌లో రాగి బుల్లెట్లతో ఇనుప పలకల మీద కాల్చవద్దని బోర్డు పెట్టారు. ఎందుకు?

సాన్ లూయిస్ ఒబిస్పో నుంచి

నాన్నా, నిప్పు వల్ల. అమెరికా అటవీ శాఖ పరిశోధకులు 2013లో రైఫిల్ బుల్లెట్లను ఉక్కు పలకకు కొట్టించి, రాలిన ముక్కలు ఎండు పదార్థాన్ని అంటిస్తాయా అని చూశారు. ఉక్కు గర్భం ఉన్నవీ, పూర్తి రాగివీ మిగతావాటికన్నా ఎక్కువగా అంటించాయి. దెబ్బకు ముక్కలు గడ్డిని అంటించేంత వేడెక్కుతాయి. ఇక్కడి తీరప్రాంతంలో జింకల సీజన్ ఆగస్టులోనే మొదలవుతుంది, అప్పుడు గడ్డి అగ్గిపెట్టెలా ఉంటుంది. జింక వెనక రాళ్లు ఉంటే నేను రైఫిల్ దించేస్తాను. వెనక మెత్తటి మట్టిగట్టు ఉన్నప్పుడే కాలుస్తాను. నువ్వూ అలాగే చెయ్యి.

సీసం ఎందుకు మానేశామో కూడా తెలుసుకో, అప్పుడు ఈ శ్రమ బరువనిపించదు. కాలిఫోర్నియా కాండోర్ అని ఇక్కడి పెద్ద రాబందు. 1982 నాటికి 22 పక్షులే మిగిలాయి. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షినీ పట్టి పెంచాల్సి వచ్చింది, అప్పటికి మొత్తం 27. 1992 నుంచి మళ్లీ వదులుతున్నారు. వాటిని ఎక్కువగా చంపుతున్నది సీసం విషమే, వేటగాళ్లు వదిలిన పేగుల్లోని సీసం రజను తిని. మన దేశంలో పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల రాబందులు ఎలా కూలిపోయాయో చూసినవాళ్లం కదా, 2006లో దాన్ని నిషేధించేసరికి ఆకాశం ఖాళీ అయింది. ఇక్కడి పిన్నకిల్స్ నేషనల్ పార్కులో ఒకరోజు కాండోర్ నా తల మీదుగా వెళ్లింది. రెక్క కింద అంకె వేసిన ట్యాగు, రెక్కల ఈకల్లోంచి గాలి ఈల వేసిన చప్పుడు నాకింకా వినిపిస్తున్నాయి.

ఒక హెచ్చరిక. బుల్లెట్‌లో సీసం లేకపోయినా మామూలు ప్రైమర్లలో సీసం ఉంటుంది. కాల్చాక, పాత ప్రైమర్లు తీశాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినవద్దు. ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఆ బట్టలు వేరుగా ఉతుకు.

శాక్రమెంటో నుంచి

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. గొట్టం తెల్లబడటానికి మూడు రాత్రులు పట్టింది. 130 గ్రెయిన్లతో రంధ్రాలన్నీ గుండ్రంగా పడుతున్నాయి. 0.050 ఖాళీతో రెండు అంగుళాల పైన ఉన్న గుంపు 0.070కి ఒకటిన్నరకు, 0.090కి ఒకటికి కొద్దిగా పైన వచ్చింది. 0.110కి మళ్లీ చెదిరింది. 0.090తో పది కాల్చాను, ఒకటింపావు. బోల్ట్ తేలిగ్గా లేస్తోంది, ప్రైమర్ల అంచులు గుండ్రంగానే ఉన్నాయి. వేటకు ముందు ఇంకా ఏమైనా చూడాలా అన్నయ్యా?

రెడింగ్ నుంచి

శభాష్. ఒకటింపావు జింకకు చాలు, ఇంకా తగ్గించాలని తూటాలు వృథా చేసుకోకు. రెండు పనులు మిగిలాయి. మూడు వేర్వేరు ఉదయాలు వెళ్లి చల్లటి గొట్టంతో ఒక్కటి చొప్పున కాల్చు, అన్నీ ఒకే కాగితం మీద. వేటలో నీకు దొరికేది ఆ మొదటి తూటాయే, అది ఎక్కడ పడుతుందో తెలియాలి. తర్వాత బల్ల వదిలి మోకాలి మీద కూర్చుని, చెట్టుకు ఆనుకుని 100 గజాల దగ్గర కాల్చు. నీ దూరం ఎంతో అక్కడ తేలుతుంది. ఆగస్టు ఎండలో తూటాలను కారు అద్దం దగ్గర వదలకు, వేడికి ఒత్తిడి పెరుగుతుంది. నీడలో, పెట్టెలో పెట్టుకెళ్లు. ఇదే మోతాదు, ఇదే లోతు, మందు డబ్బా మీది లాట్ నంబరుతో సహా నోటుబుక్కులో రాసి పెట్టుకో. కొత్త డబ్బా తెరిచినప్పుడు మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాలి.